స్కారమూష్ (1952): అంత కత్తియుద్ధం చేసి చివర్లో చంపకుండా వదిలేయడమేంటి?

పాతరీలు:
నిన్న రాత్రి స్కారమూష్ సినిమా చూశాను. స్టీవర్ట్ గ్రేంజర్ హీరో, ఫ్రెంచి విప్లవానికి ముందు కథ. కత్తి సరిగ్గా పట్టుకోవడం కూడా రాని స్నేహితుణ్ణి మార్కీ బిరుదున్న ఒక ప్రభువు (మెల్ ఫెరర్) ఆటపట్టిస్తూ ఆటపట్టిస్తూ పొడిచి చంపేస్తాడు. ఆ చావు చూశాక ఎవరికైనా రక్తం మరుగుతుంది. దానికి పగ తీర్చుకోవాలని హీరో నాటకాల బృందంలో దాక్కుని, కత్తి నేర్చుకుని, తీరా మార్కీ గుండెకు కత్తి గురిపెట్టాక వదిలేసి వెళ్ళిపోతాడు! ఆ తర్వాతే వాళ్ళిద్దరూ అన్నదమ్ములని తెలుస్తుంది. నాకైతే అన్యాయంగా అనిపించింది. స్నేహితుడి ప్రాణానికి విలువ లేదా? మీరేమంటారు?

గోదారి_గట్టు:
కోపం అర్థమైంది కానీ, ఆ అన్నదమ్ముల ముడి పగ కోసం పెట్టింది కాదండీ, ప్రేమకథ కోసం పెట్టింది. మొదట్లో ఏమవుతుంది? తను గవ్రియాక్ ప్రభువు కొడుకునని హీరో నమ్ముతాడు, అంటే ఆ ప్రభువు కూతురే అయిన, తను మనసుపడ్డ ఎలీన్ (జానెట్ లీ) చెల్లెలవుతుంది, అందుకే సినిమా అంతా ఆమెకు దూరంగా తిరుగుతాడు. చివర్లో అసలు తండ్రి వేరని తేలితేనే పెళ్ళికి దారి దొరుకుతుంది. ఈ సినిమాకు మూలమైన, సబాటినీ 1921లో రాసిన నవలలో అయితే ఆ మార్కీయే హీరో తండ్రి! అన్నదమ్ములుగా మార్చింది సినిమావాళ్ళు. నా ఉద్దేశంలో నవలలోదే బరువైన ముగింపు.

కత్తీడాలూ:
కథ సంగతి పక్కన పెట్టండి, ఆ పోరాటం గురించి ఒక్క ముక్క కూడా రాయలేదేంటి బ్రదర్! దాదాపు ఆరున్నర నిమిషాలు, నేపథ్య సంగీతం అస్సలు లేదు. కత్తుల చప్పుడు, బూట్ల చప్పుడు, జనం కేకలు, అంతే. ఇద్దరూ నాటకాల థియేటర్‌లో పైనుండే బాక్సుల (విడి అరల్లాంటి సీట్ల) సన్నటి గట్టు మీద నిలబడి తలపడుతుంటే వెనక కూర్చున్న ఆడవాళ్ళు వెనక్కి ఒదిగిపోతారు, ఆ షాట్ మళ్ళీ చూడండి. అక్కణ్ణించి మెట్లు, కుర్చీల వరసలు, తెరవెనక తాళ్ళు, చివరికి స్టేజీ. ఇద్దరి ఒళ్ళూ తలనుంచి పాదాల దాకా ఒకే ఫ్రేములో కనిపిస్తాయి కాబట్టి నిజంగా ఆడుతున్నారని నమ్ముతాం. మెల్ ఫెరర్ అంతకుముందు డాన్సర్, ఆ అడుగుల్లో తెలిసిపోతుంది. కత్తిసాము నేర్పింది జాన్ హెరెమాన్స్. ఇప్పటి సినిమాల్లో సెకనుకో కట్ వేసి ఎవరు ఎవర్ని కొట్టారో తెలియకుండా చేస్తారు, నాకు అదే బాధ.

ఇంకో మాట, హీరో మొదట కత్తి నేర్చుకునేది మార్కీకి నేర్పిన గురువు దగ్గరే, ఆ తర్వాత ఆ గురువుకే గురువైన ఆయన దగ్గరికి పారిస్ వెళ్తాడు. అందుకే చివరి పోరాటంలో గెలుపు ఊరికే వచ్చినట్టు ఉండదు.

పాతరీలు:
గోదారి గారూ, ఎలీన్ సంగతి అలా ఆలోచించలేదు, ఇప్పుడు అతుకుతోంది. కానీ స్నేహితుడి విషయంలో నా మాట మాత్రం అదే. ఇలాంటివే ఇంకోటి చెప్పండి, విలన్ గట్టివాడై ఉండాలి.

గోదారి_గట్టు:
అయితే ప్రిజనర్ ఆఫ్ జెండా, 1937ది. రాజుకు అచ్చుగుద్దినట్టున్న మనిషి రాజు స్థానంలో కూర్చునే కథ, రోనాల్డ్ కోల్మన్ రెండు వేషాలూ వేశాడు. డగ్లస్ ఫెయిర్‌బ్యాంక్స్ జూనియర్ చేసిన రూపర్ట్ నవ్వుతూ, కబుర్లు చెబుతూ కత్తి తిప్పుతాడు, దుర్మార్గుడని తెలిసినా కళ్ళు అతని మీదే ఉంటాయి. 1952లో దాదాపు అదే స్క్రిప్టుతో, ఆల్ఫ్రెడ్ న్యూమన్ చేసిన ఆ పాత సంగీతంతోనే రంగుల్లో మళ్ళీ తీశారు, అందులో హీరో మీ గ్రేంజరే. ముందు నలుపు తెలుపుది చూడండి.

కత్తీడాలూ:
దాంతోపాటు మార్క్ ఆఫ్ జోరో, 1940. విలన్ వేషం వేసిన బేసిల్ రాథ్‌బోన్‌కి నిజంగానే కత్తిసాము బాగా వచ్చు, ఒక గదిలో హీరో టైరోన్ పవర్‌తో తలపడే సీను చిన్నదే, కానీ దెబ్బ దెబ్బకీ టెన్షన్ పెరుగుతుంది. చూసి వచ్చి ఇక్కడ రాయండి.