కొండపల్లి శేషగిరిరావు గారి అసలు చిత్రాలు ఎక్కడ చూడొచ్చు?

అందరికీ నమస్కారం. వరంగల్ ప్రాంతంలో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర నేర్చుకుని, హైదరాబాద్‌లో చిత్రకళ పాఠాలు చెప్పిన కొండపల్లి శేషగిరిరావు గారి (1924–2012) మీద వ్యాసం రాస్తున్నాను. శకుంతల లాంటి పురాణ చిత్రాల గురించి అందరూ చెబుతారు. నా మనసంతా ఆయన గీసిన హైదరాబాద్ బండరాళ్ల మీదే ఉంది. అవి ఫొటోల్లోనే చూశాను, రంగు తేలిపోయింది.

వాష్ పద్ధతిలో పల్చటి రంగు పూసి, కాగితాన్ని నీళ్లలో తడిపి, ఆరాక మళ్లీ పూస్తారు కదా. బండరాళ్లకు కూడా ఆయన ఇదే వాడారా, లేక ఆయిల్ రంగులా? ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. అసలు చిత్రాలు జనం చూడగలిగే చోట ఉన్నాయా? ఎంత దూరమైనా వెళ్తాను.