రాజు పేరులో ‘కూలీ’ ఎందుకుంది?

నల్లగొండ నాన్న:
అందరికీ నమస్కారం. మా పాప ఏడో తరగతి. నిన్న రాత్రి సాంఘికశాస్త్రం చదువుకుంట చదువుకుంట ఆగి, “నాన్నా, రాజుకు కూలీ అని పేరెవరు పెట్టిన్రు?” అన్నది. పుస్తకం గుంజుకొని చూస్తే ‘మహమ్మద్ కులీ కుతుబ్‌షా’ అనే ఉన్నది. దీర్ఘం దాని సొంతం. నవ్విన గానీ, ఆ కులీ అంటే ఏందో నాకూ తెల్వదని అప్పుడే తెలిసింది. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

పాతబస్తీ పిల్లగాడు:
ఉర్దూ మాటే అయ్యుంటది అన్నా. గులాం అన్నట్టు. మన కూలీ కూడా దాన్నుంచే వచ్చిందని ఎక్కడో చదివిన. మాస్టారొస్తే తేలుస్తరు.

తెనాలి మాస్టారు:
వచ్చాను. పాప చదివిన తప్పు మంచి తప్పు, నాకు పని పెట్టింది.

ఆ మాట ఉర్దూ కాదు, పారసీ కాదు, అరబ్బీ అసలే కాదు. తుర్కీ. ‘కుల్’ అంటే దాసుడు, బంటు. గులాం అన్న పోలిక అర్థం వరకూ సరిపోతుంది. చివరనున్న ఈకారం ‘ఆయన యొక్క’ అని చెప్పే ప్రత్యయం. మనం ‘రాముడి దాసుడు’ అన్నప్పుడు గుర్తు రాముడికి తగిలిస్తాం కదా, తుర్కీలో దాసుడికి కూడా ఒకటి తగిలించాలి. మహమ్మద్ కుల్-ఈ: మాటకు మాట పెడితే ‘మహమ్మదు, ఆయన దాసుడు’. మన లెక్కలో మహమ్మదుదాసు. ఆ వంశంలోనే చిన్నతనంలో కొన్నాళ్లు గద్దె మీద కూర్చోబెట్టిన సుభాన్ కులీ ఉన్నాడు, సుభాన్ అంటే దేవుడు కనక ఆ పిల్లవాడు దేవుడిదాసు.

గోల్కొండకి తుర్కీ మాట ఎలా వచ్చిందంటే, వంశకర్త సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చినవాడు. కరాకోయున్లు అనే తుర్కమాన్ తెగ వాళ్లది. కరా అంటే నలుపు, కోయున్ అంటే గొర్రె. నల్లగొర్రెలవాళ్లన్న మాట. 1467లో వాళ్ల రాజు జహాన్‌షా తెల్లగొర్రెలవాళ్ల చేతిలో, అంటే అక్‌కోయున్లు చేతిలో, చచ్చిపోవడంతో ఆ రాజ్యం చెదిరిపోయింది. ఆ వంశపు కొమ్మల్లో ఒకటి దక్కనుకొచ్చి, బహమనీల కొలువులో ఎదిగి, తెలంగాణ పాలన పుచ్చుకుని, చివరికి గోల్కొండలో సొంత గద్దె వేసుకుంది. పాఠ్యపుస్తకాల్లో 1518 అని ఉంటుంది.

పాతబస్తీ పిల్లగాడు:
అంటే మన కుతుబ్‌షాలు టర్కీ నుంచి వచ్చిన్రా?

తెనాలి మాస్టారు:
అక్కడే తిరకాసు. టర్కీ దేశం వేరు, తుర్కుల పుట్టిల్లు వేరు. ఇప్పటి టర్కీ నేల మీద హిట్టైట్లు, గ్రీకులు, రోమన్లు, అర్మేనియన్లు వరసగా కాపురాలు చేశారు. తుర్కులు అక్కడ గట్టిగా కాలు మోపింది 1071లో మలాజ్‌గిర్ద్ యుద్ధంలో తూర్పు రోమన్ల సేనని ఓడించిన తరవాతే. పాత పుట్టిల్లు చాలా తూర్పున, మంగోలియాలో, ఓర్ఖోన్ నది లోయ. ఆ లోయని 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. అక్కడి రాళ్లని చూసుకునే మ్యూజియం టర్కీ డబ్బుతోనే లేచింది. అమ్మమ్మ ఊళ్లో పాతిల్లు బాగుచేయించుకున్నట్టు.

ఆ రాళ్లలో ఒకటి క్యుల్ తిగిన్ శాసనం. 732లో నిలబెట్టారు, మూడు మీటర్లకు పైన ఎత్తు. క్యుల్ తిగిన్ సేనాని, 731లో చనిపోయాడు. రాతిలో మాట్లాడేది వాడి అన్న, తుర్కుల రాజు బిల్గె ఖాగన్. తుర్కీ భాషలో మనకి దొరికిన మొట్టమొదటి పెద్ద రచనల్లో ఇదొకటి. రాజుగారి ప్రశస్తి అనుకుని చదవబోతే తమ్ముడు పోయిన అన్న ఏడుపు వినిపిస్తుంది: “చూసే నా కన్ను చూడనట్టయింది, ఎరిగిన నా తెలివి ఎరగనట్టయింది.” మన శాసనాలు ఎన్నో చదివాను గానీ ఒక రాజు ఇలా మాట్లాడగా చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతి. అదే రాతిలో, తమ జాతి చైనావాళ్లకు లొంగిపోయిన రోజులు తలుచుకుంటూ అంటాడు: చైనావాళ్లకు మన దొరబిడ్డలు ‘కుల్’ అయ్యారు, మేలైన ఆడపిల్లలు ‘కుంగ్’ అయ్యారు, యాభై ఏళ్లు వాళ్లకి చాకిరీ చేశాం. కుంగ్ అంటే దాసి. పాప పుస్తకంలోని కులీ అదిగో, ఆ మాటే. అక్కడ అది సిగ్గుతో పలికిన మాట. గోల్కొండకి వచ్చేసరికి రాజులు పేరులో పెట్టుకుని ఊరేగే మాట.

నల్లగొండ నాన్న:
మాస్టారూ, ఆ చనిపోయిన తమ్ముని పేరుల గూడ క్యుల్ ఉన్నది గదా. రాజు తమ్ముడు దాసుడెట్లయితడు?

తెనాలి మాస్టారు:
ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా. రెండూ ఒకటి కావు, ఆ సంగతి రాయే చెబుతుంది. ఓర్ఖోన్ లిపిలో చాలా హల్లులకి రెండేసి అక్షరాలు ఉంటాయి. అ, ఒ, ఉ లాంటి, నోటి వెనక భాగంలో పలికే అచ్చులతో వస్తే ఒకటి, ఇ, ఎ లాంటి, నోటి ముందు భాగంలో పలికే అచ్చులతో వస్తే ఇంకొకటి. దాసుడనే ‘కుల్’లో కకారం, లకారం రెండూ వెనక జాతివి. రాకుమారుడి ‘క్యుల్’లో రెండూ ముందు జాతివి. తెలుగులో రాస్తే కవలల్లా కనిపిస్తాయి గానీ రాతి మీద రెంటికీ ఒక్క హల్లు కూడా కలవదు. ఈ లిపిని 1893లో విప్పింది డెన్మార్క్ పండితుడు విల్‌హెల్మ్ థామ్సెన్. రాతికి ఒక పక్క చైనా చక్రవర్తి పంపిన సంతాపం చైనీస్‌లో ఉండటం ఆయనకి ఊతమైంది. ముందుగా చిక్కిన మాటల్లో ‘తెంగ్రి’ ఒకటి, అంటే ఆకాశం, దైవం.

చెక్కించినవాడు యోల్లుగ్ తిగిన్, వాళ్ల బంధువే. ఇరవై రోజులు కూర్చుని రాశానని చివర సంతకం పెట్టుకున్నాడు.

అంకారా కోడలు:
నేను కొన్నేళ్లు అంకారాలో ఉన్నాను, ఈ చర్చ చూసి ఆగలేకపోయాను. అక్కడ కుల్ ఇప్పటికీ రోజువారీ మాట. బానిస అనడానికి వేరే మాట ఉంది, ‘కోలె’. కుల్ అంటే దేవుడి ముందు మనిషి. సెలవు రోజు పొద్దున్నే రొట్టెల కొట్టుకి వెళ్లొచ్చి మా పక్కింటావిడ “వీధిలో అల్లాహ్ కులు ఒక్కడు లేడు” అనేది. మనం “నరమానవుడు లేడు” అంటామే, అచ్చం అదే. ఇంకోటి ‘కుల్ హక్కు’. సాటి మనిషికి మనం బాకీ పడ్డది. నమాజు మానితే దేవుడు మన్నిస్తాడేమో, పనివాడి జీతం ఎగ్గొడితే మాత్రం ఆ మనిషే మన్నించాలి అంటారు. హక్కు అనే మాట వాళ్లకీ మనకీ అరబ్బీ నుంచే వచ్చింది కదా మాస్టారూ?

తెనాలి మాస్టారు:
అవునమ్మా, ఒకే అప్పు. నీ పక్కింటావిడ మాట నా నోట్‌బుక్‌లోకి ఎక్కింది.

నువ్వు చెప్పినదానికి ఇంకో అంచు ఉంది. ఒట్టోమన్ల కాలంలో సుల్తాను సొంత సేనని ‘కపికులు’ అన్నారు, వాకిటి దాసులు. జానిసరీలు అందులోవాళ్లే, యెనిచెరి అంటే కొత్త దండు. దాసులంటే చిన్నవాళ్లని కాదు. బోస్నియా పల్లెలో క్రైస్తవ ఇంట్లో పుట్టి, పిల్లల పన్నులో, అంటే క్రైస్తవ ఇళ్ల మగపిల్లల్ని సుల్తాను కొలువుకి పట్టుకుపోయే పద్ధతిలో, పట్టుబడి, సోకొల్లు మెహ్మెద్ పాషా అయినవాడు 1565లో మహామంత్రి పదవి ఎక్కి 1579 దాకా ముగ్గురు సుల్తానుల దగ్గర దిగలేదు. అదే 1565లో ఇక్కడ మన ఇబ్రహీం కులీ, తెలుగు కవుల మల్కిభరాముడు, తళ్లికోట యుద్ధంలో ఉన్నాడు.

నల్లగొండ నాన్న:
మరి తర్వాతి రాజులకు కులీ ఎందుకు లేదు? అబ్దుల్లా కుతుబ్‌షా, తానీషా...

తెనాలి మాస్టారు:
తుర్కీ మాట పోయింది గానీ అర్థం పోలేదు. అబ్దుల్లా అంటే అరబ్బీలో అల్లా దాసుడు. భాష మారింది, అంతే. ఆ తరవాత వచ్చిన తానీషా చెరసాలలో కూర్చున్న కంచర్ల గోపన్నని మనం ఏమని పిలుస్తాం? రామదాసు. గోల్కొండ కొండ మీద దాసులకి కొదవ లేదు.

పాతబస్తీ పిల్లగాడు:
కూలీ సంగతి తేల్చలేదు మాస్టారు.

తెనాలి మాస్టారు:
మర్చిపోలేదు. ఇంగ్లీషులో వాడే కూలీకి కుల్ మూలమని కొందరన్నారు, గుజరాత్‌లోని కోళీలనే జాతి పేరు మూలమని కొందరన్నారు. మన ‘కూలి’కి మాత్రం ఈ తుర్కీ చుట్టరికం అంటగట్టకండి. తమిళంలో, కన్నడంలో, తెలుగులో కూలి అంటే ముందు మనిషి కాదు, చేసిన పనికి వచ్చే ప్రతిఫలం. తిరుక్కురళ్ 619వ కురళ్ చూడండి: దైవం వల్ల కాకపోయినా ప్రయత్నం ఒళ్లు వంచినందుకు కూలి ఇస్తుంది అంటాడు. తుర్కులు దక్కనులో అడుగు పెట్టడానికి కొన్ని వందల ఏళ్ల ముందు మాట అది.

చుట్టరికం కావాలంటే అదే ఓర్ఖోన్ రాతిలో ‘బెగ్’ ఉంది, దొర అని. ‘నా’ అనే మకారం చేరిస్తే మీ పాతబస్తీ బేగం. దిల్లీ ఐబక్‌లో ‘అయ్’ చందమామ, ‘బెక్’ ఈ దొరే. మొదటి నిజాం బిరుదు చిన్ కిలిచ్ ఖాన్‌లో కిలిచ్ కత్తి.

పాతబస్తీ పిల్లగాడు:
ఉర్దూ?

తెనాలి మాస్టారు:
అదీ ఆ లోయ మాటే. ‘ఒర్దు’ అంటే రాజు గుడారాల విడిది. ఉయ్‌ఘుర్లు ఓర్ఖోన్ ఒడ్డున కట్టిన రాజధాని పేరు ఒర్దుబాలిక్. ఇప్పటి టర్కీలో ఒర్దు అంటే సైన్యం. మన దగ్గర విడిది పేరు భాషకి స్థిరపడింది. దాని మీద వేరే చర్చ పెట్టుకుందాం, ఇప్పటికే పొద్దుపోయింది.

నల్లగొండ నాన్న:
అన్నీ చదివి వినిపించిన. పుస్తకంల కులీ పక్కన పెన్సిలుతోని ‘దాసు’ అని రాసుకున్నది. ఇప్పుడు నల్లగొర్రెలోళ్లు, తెల్లగొర్రెలోళ్లు ఎందుకు కొట్లాడుకున్నరని అడుగుతంది. మాస్టారూ, రేపు ఆదివారం ఖాళీయేనా?