రెండు కుండల ఫ్రిజ్ చేశాం, చల్లబడటం లేదు. తప్పు ఎక్కడ జరిగింది?

పటమట, విజయవాడ (ప్రశ్న):
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఎనిమిదిలోకి వస్తోంది. ఎండాకాలం సెలవులన్నీ ఫోన్‌తో గడిపేస్తోందని కేకలేస్తే, "అయితే కరెంటు లేని ఫ్రిజ్ చేద్దాం నాన్నా" అంది. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్య సందులో ఇసుక పోసి తడిపాం, పైన తడిగుడ్డ కప్పాం. లోపల టమాటాలు, కరివేపాకు పెట్టాం. వంటింట్లో గట్టు మీద ఓ మూలన ఉంచాం. మర్నాడు మధ్యాహ్నం జ్వరం చూసే థర్మామీటర్ లోపల పెడితే 100 ఫారన్‌హీట్ చూపించింది. కుండకే జ్వరం వచ్చిందని పిల్ల ఒకటే నవ్వు. టమాటాలు మూడో రోజుకే మెత్తబడ్డాయి. పొద్దునా సాయంత్రం నీళ్ళు పోస్తూనే ఉన్నాం. ఏం తప్పు చేశామో చెప్పగలరా?

బ్రాడీపేట, గుంటూరు:
ముందు ఒక్క పని చేయండి. పెద్ద కుండ బయటి వైపు అరచేయి ఆనించి చూడండి. చెమ్మ తగులుతోందా, పొడిగా ఉందా?

పటమట (అడిగినవారు):
పూర్తిగా పొడిగా ఉందండి. లోపల ఇసుక మాత్రం ముద్దగా తడిసే ఉంది. అన్నట్టు చెప్పడం మరిచాను, బయట అందంగా ఉండాలని ఎనామిల్ పెయింట్ రెండు కోట్లు వేసి, మా అమ్మాయి పూలు గీసింది. పైన వార్నిష్ కూడా కొట్టాం.

బ్రాడీపేట, గుంటూరు:
దొరికింది దొంగ. కుండ చెమర్చాలండీ, అందులోనే ఉంది అంతా. మట్టి కుండకు కంటికి కనపడనంత సన్నని రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి నీరు బయటి గోడకు చేరి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని ఆ కుండలోంచి, లోపలి వస్తువుల్లోంచి లాక్కుంటుంది. మీరు ఎనామిల్ వేసి ఆ రంధ్రాలన్నీ మూసేశారు. ఇప్పుడది స్టీలు బిందెతో సమానం.

లెక్క చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావాలంటే సుమారు 580 కెలోరీల వేడి కావాలి. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే 1000 కెలోరీలు తీసేయాలి. అంటే 10 లీటర్ల కుండను 10 డిగ్రీలు దించడానికి 170 గ్రాముల నీరు ఆవిరైతే చాలు. ఓ గ్లాసు కూడా నిండదు. బయటి వేడి మళ్ళీ లోపలికి వస్తూనే ఉంటుంది కనుక నిజానికి ఇంకొంచెం ఎక్కువే ఖర్చవుతుంది. అందుకే కుండలో నీళ్ళు ఎవరూ తాగకపోయినా తరిగిపోతాయి.

గుణదల, విజయవాడ:
రంగు గీకేస్తే సరిపోదా? గరుకు కాగితం పెట్టి రుద్దితే పోతుంది కదా.

బ్రాడీపేట, గుంటూరు:
పైపూత పోతుంది గానీ రంధ్రాల్లోకి దిగింది పోదు. దాని మీద శ్రమ దండగ. ఇంకో పెద్ద కుండ కొనండి, ఇది మొక్కకు వాడుకోండి. పాపకు బొమ్మలు వేయాలని ఉంటే జాజు, సున్నం వాడమనండి. మన ఇళ్ళల్లో అరుగులకు, గడపలకు పూసేవే. వాటిలోంచి చెమ్మ బయటకు వస్తుంది.

అజిత్‌సింగ్ నగర్, విజయవాడ:
మాది కుండలు చేసే ఇల్లు. ఇంకో మాట అడగాలి తమ్ముడూ. ఇసుక ఎక్కడిది? ఆ మధ్య ఒకాయన సూర్యలంక వెళ్ళినప్పుడు సంచినిండా సముద్రపు ఇసుక తెచ్చి ఇలాగే పోశాడు. పది రోజుల్లో కుండ చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది, చెమ్మ ఆగిపోయింది. ఏటి ఇసుక తీసుకుని, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడిగి పోయాలి. బోరు నీళ్ళు పోస్తే కూడా కొన్నాళ్ళకు తెల్ల చారలు వస్తాయి. అప్పుడు కొబ్బరి పీచుతో తోమి, నిమ్మచెక్కతో రుద్ది కడగండి. సబ్బు మాత్రం వద్దు. మట్టి దాన్ని పీల్చేసుకుంటే ఆ వాసన వదలదు. కొత్త కుండను ఒక రాత్రంతా నీళ్ళలో నానబెట్టాకే వాడాలి.

గుణదల, విజయవాడ:
అన్నా, ఎర్ర కుండ కంటే నల్ల కుండలో చల్లగా ఉంటాయంటారు, నిజమేనా?

అజిత్‌సింగ్ నగర్, విజయవాడ:
రంగులో ఏమీ లేదు. కుండలు కాల్చే ఆవంలో గాలి బాగా ఆడితే ఎర్రగా కాలుతుంది, గాలి మూసి పొగ పట్టిస్తే నల్లగా వస్తుంది. అదే మట్టి. మట్టి ఎంత గుల్లగా ఉందన్నదే చూసుకోవాలి. కొనేటప్పుడు నీళ్ళ చుక్క బయట వేసి చూడు. వెంటనే పీల్చుకుంటే తీసుకో, జారిపోతే వదిలెయ్.

పటమట (అడిగినవారు):
ధన్యవాదాలు అన్నయ్యా. ఇసుక మా పక్క ఇల్లు కడుతున్న చోట అడిగి తెచ్చాం, ఏటి ఇసుకే. కొత్త కుండ తెచ్చి రాత్రి నానబెట్టాను. దాన్ని కూడా వంటింట్లోనే పెట్టమంటారా?

బ్రాడీపేట, గుంటూరు:
వద్దు. మూలన పెడితే ఆవిరైన తేమ కుండ చుట్టూనే నిలిచిపోతుంది. నీడ ఉండి, గాలి తగిలే చోటు కావాలి. బాల్కనీలో ఇనుప స్టాండు మీద పెట్టండి, అడుగు నుంచీ గాలి ఆడుతుంది. చలివేంద్రాల్లో చూడండి, పైన పాక వేసి, కుండలకు గోనెపట్టా చుట్టి, వచ్చిపోయే వాళ్ళల్లో ఎవరో ఒకరు చెంబుతో తడుపుతూనే ఉంటారు. ఆ గోనె వల్ల తడి ఉండే వైశాల్యం ఇంకా పెరుగుతుంది.

పటమట (అడిగినవారు), నాలుగు రోజుల తర్వాత:
పని చేస్తోంది! చేత్తో ముట్టుకుంటేనే జిల్లుమంటోంది. జ్వరం థర్మామీటర్ 32 సెల్సియస్ డిగ్రీల లోపు చూపించదని తెలిసి, తీగ చివర మొన ఉండే డిజిటల్ థర్మామీటర్ కొన్నాం. నిన్న మధ్యాహ్నం ఒకటిన్నరకు బాల్కనీ నీడలో 41, లోపలి కుండలో 29. కానీ కొత్త టెన్షన్ మొదలైంది. రాత్రి ఎనిమిదికి బయట 33కి తగ్గితే లోపల ఇంకా తగ్గాలి కదా? తగ్గకపోగా 30 అయింది. పగలు కంటే రాత్రి వేడెక్కడమేమిటి? కుండ అప్పుడే పాడైందా?

కొరిటెపాడు, గుంటూరు:
ఇది నాకు ఇష్టమైన ప్రశ్న. కుండ బాగానే ఉందండీ, మారింది గాలి. మధ్యాహ్నం వడగాలిలో తేమ చాలా తక్కువ. పొడి గాలి నీటిని ఆబగా తాగేస్తుంది. సాయంత్రమయ్యాక బందరు వైపు నుంచి సముద్రపు గాలి తిరిగితే ఉక్కపోత మొదలవుతుంది. అప్పటికే తేమతో నిండిన గాలి మీ కుండలోని తడిని తీసుకోదు. మన ఒంటి చెమట ఆరకపోవడం, గది మూసుకుని కూలర్ వేసుకుంటే జిడ్డుగా అనిపించడం, అన్నీ ఇదే.

అంచనాకు చెబుతాను. 42 డిగ్రీల ఎండలో గాలిలో తేమ 25 శాతం ఉంటే, తడి వస్తువు దాదాపు 26 దాకా చల్లబడగలదు. అదే 34 డిగ్రీలకు తేమ 75 శాతం ఉంటే 30 దగ్గరే ఆగిపోతుంది. ఏం చేసినా అంతకంటే దిగదు. ఫ్యాన్ పెడితే ఆ అంకెకు త్వరగా చేరుతుంది తప్ప దాటదు.

ఈ కుండను ప్రపంచానికి పరిచయం చేసింది నైజీరియా టీచరు మొహమ్మద్ బా అబ్బా, 1990ల్లో. వంకాయలు మూడు రోజులకు బదులు 27 రోజులు నిలిచాయని ఆయన పరీక్షల్లో తేలింది. అయితే ఆయన ఉన్నది ఉత్తర నైజీరియా, అక్కడి గాలి బాగా పొడి. మన కృష్ణా తీరంలో అన్ని రోజులు ఆశించకండి.

పాపతో ఒక ప్రయోగం చేయించండి. అలాంటి థర్మామీటరే ఇంకొకటి కొని, దాని మొనకు తడి దూది చుట్టి, దూది చివర చిన్న గిన్నెలో నీళ్ళలో వేలాడేయండి. ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. అది చూపించేదే ఆ పూటకు మీ కుండ చేరగలిగిన అట్టడుగు. దీపపు ఒత్తి మాత్రం వాడకండి. పచ్చి పత్తికి సహజంగా మైనం పూత ఉంటుంది, నీళ్ళు సరిగా పీల్చదు. మా గుంటూరు వాళ్ళకు పత్తి సంగతి ఒకరు చెప్పాలా! మెడికల్ షాపు దూది గానీ, పాత బనియను ముక్క గానీ చాలు.

సత్యనారాయణపురం, విజయవాడ:
ఇందులో పెరుగు, మిగిలిన కూరలు పెట్టుకోవచ్చా అండీ? కరెంటు పోయినప్పుడు ఇబ్బందిగా ఉంటోంది.

కొరిటెపాడు, గుంటూరు:
వద్దమ్మా. ఫ్రిజ్ 4, 5 డిగ్రీల్లో ఉంటుంది, ఇది 29. పాలు, వండినవి ఆ వేడిలో పాడవుతాయి. కూరగాయలు, ఆకుకూరలు, తమలపాకులు, మంచినీళ్ళు, అంతే.

పటమట (అడిగినవారు):
దూది చుట్టిన థర్మామీటర్ పెట్టామండీ. మధ్యాహ్నం 26 చూపించింది, కుండ 29. రాత్రి అది 29.5, కుండ 30. ఇప్పుడు అర్థమైంది. మా అమ్మాయి రోజుకు మూడు పూటలా రెండు అంకెలూ క్యాలెండర్ మీద రాస్తోంది, రేపు ఉక్కపోత ఉంటుందో లేదో పందెం కూడా కాస్తోంది. టమాటాలు ఆరో రోజు కూడా గట్టిగానే ఉన్నాయి. పూలు గీసిన కుండలో మనీ ప్లాంట్ పెట్టాం.

అజిత్‌సింగ్ నగర్, విజయవాడ:
ఆ కుండకు అడుగున బెజ్జం పెట్టావా తమ్ముడూ? రంగు వేసింది కదా, నీళ్ళు బయటికి పోక వేళ్ళు కుళ్ళిపోతాయి.