ఉప్పుగాలికి గేటు తుప్పు: రంగు కింద నుంచి పొంగుతున్నది

ప్రశ్న (కొత్తపట్నం, ప్రకాశం జిల్లా):
మా ఇల్లు సముద్రానికి దగ్గరలో ఉన్నది. ఇనుప గేటుకూ కిటికీ గ్రిల్లులకూ అడుగు పూతగా రెడ్ ఆక్సైడ్ పూయించి, దానిపై ఎనామెల్ రంగు రెండు పూతలు వేయించినా, ఏడాది తిరగకముందే వెల్డింగు అతుకుల దగ్గర రంగు పొంగి, గోటితో గీకితే పెచ్చులుగా ఊడివస్తున్నది. గేటు అడుగు పైపు మరీ పాడయింది. ఈసారి యాసిడ్‌తో కడిగితే తుప్పు మొత్తం పోతుందని రంగుల మేస్త్రి అంటున్నారు. అది సరైన పద్ధతేనా? మా బోరు నీరు కాస్త ఉప్పగా ఉంటుంది. రంగుకు ముందు ఆ నీటితోనే కడిగించాము.

సమాధానం (కావలి):
మీ చివరి వాక్యంలోనే జవాబు ఉన్నదండీ. రంగు కింద ఉప్పు మిగిలితే అది గాలిలోని తేమను లాగి ఇనుమును తడిగానే ఉంచుతుంది. పుట్టిన తుప్పు ఇనుము కన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమించడం వల్ల రంగును కింద నుంచి ఎత్తేస్తుంది. మేస్త్రి చెప్పేది మరుగుదొడ్లు కడిగే హైడ్రోక్లోరిక్ ఆమ్లమైతే వద్దని చెప్పండి. అది తుప్పును కరిగించే మాట నిజమే గాని, అతుకుల సందుల్లో క్లోరైడును వదిలిపోతుంది, సముద్రపు ఉప్పు చేసే హానీ ఆ క్లోరైడు వల్లనే. గ్రైండరుకు వైరు బ్రష్షు బిగించి ఇనుము తెల్లబడేదాకా రుద్దించి, మంచినీళ్లతో బాగా కడిగించి, పూర్తిగా ఆరిన తరువాత ఆ పూటే ప్రైమరు (అడుగు పూత) వేయించండి; సాయంత్రం సముద్రపు గాలి తిరిగితే మళ్లీ ఉప్పు పడుతుంది. బ్రష్షు అందని గుంటలకు ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన తుప్పు మందు వాడవచ్చు. మీ ఊరికి రెడ్ ఆక్సైడ్ కన్నా తుప్పును అడ్డుకునే జింక్ ఫాస్ఫేట్ ఉన్న ఎపాక్సీ (గట్టి జిగురు రకం) ప్రైమరు మేలని నా అభిప్రాయం. అయితే ఎపాక్సీ ఎండకు సుద్దలా పొడి రాలుతుంది కనుక, పైన పాలీయురెథేన్ రంగు తప్పనిసరి.

సమాధానం (అల్లూరు, నెల్లూరు జిల్లా):
అడుగు పైపు సంగతి వేరు. అది లోపలి నుంచి తుప్పు పడుతున్నట్టున్నది, పైన ఎన్ని పూతలు వేసినా ఆగదు. నీరు కారిపోయేలా అడుగున చిన్న రంధ్రాలు వేయించండి, పైపు చిల్లులు పడి ఉంటే మార్పించడమే దారి. మా రొయ్యల చెరువుల్లో ఏరియేటర్ల (నీటిలో గాలి కలిపే యంత్రాల) ఫ్రేములకు గాల్వనైజింగు, అంటే జింకు పూత, చేయిస్తాము, ఎందుకంటే ఇనుము కన్నా ముందు జింకు తాను కరిగి దానిని కాపాడుతుంది. ఆ తరువాత వెల్డింగు చేస్తే మాత్రం అతుకు దగ్గర జింకు కాలిపోతుంది, ఆ పొగ కూడా పీల్చకూడదు. అక్కడ జింకు ఎక్కువగా ఉన్న రంగు పూయాలి.

ప్రశ్నించినవారు:
గ్రిల్లులను స్టెయిన్‌లెస్ స్టీలుకు మార్చుకుంటే ఈ బాధ తప్పుతుందా?

సమాధానం (కావలి):
304 రకమైతే సముద్రం దగ్గర గోధుమరంగు మరకలు వస్తాయి. రెండు మూడు శాతం మాలిబ్డినం అనే లోహం ఉండే 316 రకం నయం గాని, ధర ఎక్కువ. దానిని కూడా అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగవలసిందే.