‘దిగువ పట్టణం’ ఎక్కడుంది?

అమెరికా నగరాల మీద ఒక వ్యాసానికి అనువాదం వచ్చింది, సరిచూస్తున్నాను. డౌన్‌టౌన్ (ఊరికి కేంద్రమైన వ్యాపార ప్రాంతం) అన్నచోటల్లా ‘దిగువ పట్టణం’ అని రాసుకుంటూ పోయారు. నాకేమో దిగువ అహోబిలం, ఎగువ అహోబిలం గుర్తొస్తున్నాయి. చికాగో చూస్తే బల్లపరుపు నేల. అక్కడ దిగువేది? వేరే మాటుంటే చెప్పండి.

▪ మాట పుట్టినచోట దిగువ ఉందండీ. న్యూయార్క్ మొదట మన్‌హటన్ దీవికి దక్షిణపు కొసన ఉండేది. 1811లో వీధుల ప్లాను గీసి, ఉత్తరానికి పెంచుకుంటూ పోయారు. కొత్త ఇళ్లు పైకి, పాత రేవూ కొట్లూ కిందికి. పటంలో కింద అన్నమాట. తర్వాత దిక్కుతో పనిలేకుండా మిగతా ఊళ్లూ ఆ మాట వాడుకున్నాయి. ఫిలడెల్ఫియా వాళ్లు మాత్రం సెంటర్ సిటీ అంటారు.

▪ ‘నడిబొడ్డు’ అంటే పోలా?

▪ మా కాలనీలో “ఊళ్లోకెళ్లొస్తా” అంటారు. ఉండేదీ ఊళ్లోనే! బజారూ బస్టాండూ ఉన్నదే ఊరు మరి. డౌన్‌టౌన్‌కి ఇంత దగ్గరి మాట నాకు ఇంకోటి తట్టలేదు.

▪ (అడిగింది నేనే) మాటల్లో అయితే ‘ఊళ్లోకి’ భేషుగ్గా ఉంది. అసలు చిక్కు ఇంకోచోట. ఇన్నర్ సిటీకి నడిబొడ్డు, సబర్బ్‌కి శివారు పెట్టారు. ‘శివార్లకు తరలినవారు బాగుపడ్డారు, నడిబొడ్డున మిగిలినవారు చితికిపోయారు’ అని వాక్యం. మా అబ్బాయి చదివి, “తిరగేసి రాశారా నాన్నా?” అన్నాడు.

▪ తిరగబడింది వాక్యం కాదు మాస్టారూ, ఊరే. మనకు నడిబొడ్డంటే గజం లక్షలు, శివారంటే బస్సు దొరకని చోటు. అక్కడ రెండో ప్రపంచయుద్ధం అయ్యాక 1947లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్ బంగాళాదుంప పొలాల్లో లెవిట్‌టౌన్ అనే కాలనీ మొదలుపెట్టారు. ఒకే అచ్చులో పోసినట్టు 17 వేలకు పైగా ఇళ్లు. తెల్లవాళ్లు తప్ప ఇంకెవరూ ఉండకూడదని ఒప్పందపత్రంలోనే రాసుకున్నారు. 1956 చట్టంతో హైవేలు పడ్డాక కార్లున్నవాళ్లు ఇంకా దూరం పోయారు, వాళ్ల వెనకే దుకాణాలు, పన్నుల రాబడి. లోపల మిగిలింది ఎక్కువగా పోలేనివాళ్లు, పోదామన్నా అక్కడ రానివ్వక ఆగిపోయినవాళ్లు. ‘పాతబస్తీ’ అందామంటే చార్మినార్ కళ్లముందు నిలబడుతుంది.

▪ అయితే డౌన్‌టౌన్‌ని అలాగే ఉంచేస్తా. సబర్బ్‌కి ‘ఊరవతలి కాలనీలు’, ఇన్నర్ సిటీకి ‘లోపలి పేటలు’. సరేనా?

▪ పేటలు బాగుంది. కానీ వ్యాసం ఇప్పటిదాకా వస్తే న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ తగులుతుంది. డబ్బున్నవాళ్లు తిరిగొచ్చి ఆ పేటల్లోనే అద్దెలు ఆకాశానికెక్కించారు. కొట్టేసిన ‘నడిబొడ్డు’ని పారేయకండి, ఆఖరి పేజీలో పనికొస్తుంది.