క్రెడిట్ కార్డు బాకీకి గొలుసు తాకట్టు పెట్టవచ్చా?

నిరుడు డిగ్రీ పూర్తయింది. విజయనగరంలో ఉద్యోగం, జీతం 18,000. కార్డు బాకీ 62,400 రూపాయలు. వడ్డీ నెలకు 3.5 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ. ఏడు నెలలుగా కార్డు ముట్టుకోకుండా కనీస మొత్తం, సుమారు 3,100, కడుతున్నాను. అందులో 2,570 దాకా వడ్డీకీ పన్నుకీ పోతోంది. గానుగెద్దు నడకలా ఉంది. వాయిదాలుగా మార్చమని రెండుసార్లు అడిగినా కార్డు ఇచ్చిన బ్యాంకు ఒప్పుకోలేదు. సెటిల్‌మెంట్ (బాకీలో కొంత కట్టి మిగతాది మాఫీ చేయించుకోవడం) చేసుకోమన్నారు గానీ, సిబిల్ నివేదికలో (మన అప్పుల చరిత్ర చూపేది) ఆ మచ్చ నాకు వద్దు.

అమ్మ తన గొలుసు ఇస్తానంటోంది (అడగడానికే సిగ్గేసింది). దాని మీద బ్యాంకులో రూపాయి వడ్డీకి, ఏడాది గడువుతో 60,000 వస్తుంది. ఖర్చులు బిగిస్తే నెలకు 6,000 కట్టగలను. గొలుసు తాకట్టు పెట్టి కార్డు బాకీ ఒకేసారి తీర్చడం మంచిదా, లేక ఆ 6,000 నేరుగా కార్డుకే కట్టుకుంటూ పోవడమా?