సెకండ్‌హ్యాండ్ డీజిల్ వ్యాన్: పాత ఇంజనా, బీఎస్6 బండా? గేర్‌బాక్స్ సంగతేంటి?

భీమవరం_బండి:
అందరికీ నమస్కారం. వారంలో ఐదు రోజులు స్కూలు పిల్లల్ని తిప్పాలి. ఒక వైపు 9 కిలోమీటర్లు, దారంతా ఆగుతూ పోవడమే. శని, ఆదివారాలు తిరుమల, అరకు ట్రిప్పులు. రెండు బండ్లు చూశాను. ఒకటి 2014 ఫోర్స్ ట్రావెలర్, బీఎస్3 (పాత పొగ నిబంధనల బండి). రెండోది 2021 టాటా వింగర్, 2.2 లీటర్, బీఎస్6 (కొత్త, కఠినమైన పొగ నిబంధనల బండి). ధరలో 4 లక్షలు తేడా. ఇంజన్, గేర్‌బాక్స్ రెండూ కలిపి చూస్తే ఏది నమ్మకం? అప్పు చేసి కొంటున్నాను, ఒక్క దెబ్బ తగిలినా కోలుకోలేను.

కడప_ఓనర్:
ట్రావెలర్ తీసుకోండి, ఆలోచించకండి. వింగర్‌కి ముందు చక్రాలు లాగుతాయి. జనం నిండా ఎక్కితే బరువంతా వెనక్కి పోతుంది, ఘాట్‌లో ముందు చక్రాలు జారతాయి.

ఆటోనగర్_మెకానిక్:
బెజవాడలో 22 ఏళ్లుగా ఇంజన్లు, గేర్‌బాక్సులు విప్పుతున్నాను. ఆ పాత ట్రావెలర్ ఇంజన్ మూలం మెర్సిడెస్ ఓఎం616. డీజిల్ పంపు, నాజిల్స్ మన ఊళ్లలోనే కాలిబ్రేషన్ (సరిచూసి సెట్) చేస్తారు. ల్యాప్‌టాప్ అక్కర్లేదు. బీఎస్6 బండికి కామన్ రైల్ (కంప్యూటర్ లెక్కతో డీజిల్ కొట్టే పద్ధతి) ఉంటుంది, సైలెన్సర్‌లో మసి పట్టే ఫిల్టర్ (డీపీఎఫ్) ఉంటుంది. ఆ మసి కాలాలంటే బండి ఒక పావుగంట, ఇరవై నిమిషాలు ఆగకుండా వేడి మీద పరిగెత్తాలి. 9 కిలోమీటర్లు ఆగి ఆగి పోయే స్కూలు ట్రిప్పులో అది కాలదు. డ్యాష్‌బోర్డులో ఫిల్టర్ లైటు వెలిగినా పట్టించుకోకుండా నడిపితే ఫిల్టర్ మూసుకుపోతుంది. మీకు వారాంతపు ట్రిప్పులు ఉన్నాయి కాబట్టి అప్పుడు కాలుతుంది. అందుకని బీఎస్6 వద్దని చెప్పను.

గేర్‌బాక్స్‌కి వస్తే రెండింటిలోనూ ఐదు గేర్లే. పేరు చూసి కొనకండి, చెవితో కొనండి. న్యూట్రల్‌లో గరగర వినిపించి, క్లచ్ తొక్కగానే ఆగితే ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజన్ తిప్పుడుని గేర్‌బాక్స్‌లోకి తెచ్చే ఇరుసు) బేరింగ్ పోయినట్టు. క్లచ్ తొక్కినప్పుడే శబ్దం మొదలైతే రిలీజ్ బేరింగ్ (క్లచ్‌ని నొక్కి విడిపించేది) పోయినట్టు. మూడు నుంచి రెండుకి దించేటప్పుడు గర్రుమంటే సింక్రో రింగ్ (గేర్లు రాసుకోకుండా కలిపేది) అరిగింది.

కడప_ఓనర్:
ఇదంతా సరే. ముందు చక్రాల సంగతికి జవాబు చెప్పండి.

ఆటోనగర్_మెకానిక్:
వింగర్ 2007 నుంచి ఉంది, అప్పటి నుంచీ ముందు చక్రాలే. తడి రోడ్డు మీద ఎత్తులో ఆగి మళ్లీ కదిలేటప్పుడు జారొచ్చు, అది నిజం. తిరుమల తారు రోడ్డు ఎక్కడం వేరు.

వైజాగ్_లక్ష్మి:
మా పిల్లల స్కూలు వ్యాన్ వింగరే. ఇంజన్ గురించి తెలియదు కానీ మెట్టు కిందకి ఉంటుంది, చిన్నపిల్లలు వాళ్లంతట వాళ్లే ఎక్కుతారు.

కడప_ఓనర్:
వేరు కాదు. నా దగ్గర ముందు చక్రాల బండి ఒకటి ఉండేది, కంపెనీ పేరు అనవసరం. రెండేళ్లలో మూడు క్లచ్ ప్లేట్లు మార్చాను. మూడోసారి ఫ్లైవీల్ కూడా నల్లగా కాలిపోయింది.

ఆటోనగర్_మెకానిక్:
రెండేళ్లలో మూడు ప్లేట్లు పోయాయంటే తప్పు చక్రాలది కాదండీ. బండి ఎవరు నడిపారు?

కడప_ఓనర్:
డ్రైవర్లే. ఘాట్‌లో హ్యాండ్‌బ్రేక్ వేయరు, సగం క్లచ్ మీద బండిని నిలబెడతారు. దిగేటప్పుడు డీజిల్ మిగుల్చుతున్నామని న్యూట్రల్ వేస్తారు. వాళ్ల సొమ్మా? అందుకే అంటున్నాను, ఎవడు నడిపినా చావని మొద్దు ఇంజన్ కావాలి.

స్టీరింగ్_పదిహేనేళ్లు:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. నేను జీతం డ్రైవర్ని. 12 సీట్ల బండిలో 19 మందిని ఎక్కించమన్నది మా ఓనర్. శ్రీశైలం దారిలో, దోర్నాల దాటాక ఒక మలుపులో ముందు లారీ ఆగింది. కదలాలంటే సగం క్లచ్ పట్టక తప్పలేదు. బండి నిండా కాలిన వాసన, పిల్లలు ముక్కులు మూసుకున్నారు. అంతకు నెల ముందే క్లచ్ జారుతోందని చెప్పాను. "ఈ సీజన్ కానివ్వు" అన్నాడు. ప్లేటు డబ్బులు నా బత్తాలో రోజుకి 100 చొప్పున కోశాడు. న్యూట్రల్ నేను ఎప్పుడూ వేయలేదు. గేర్‌లో దిగుతూ యాక్సిలేటర్ వదిలితే డీజిల్ ఎలాగూ ఆగుతుంది.

కడప_ఓనర్:
అందర్నీ అనలేదు తమ్ముడూ. ఈఎంఐ కట్టేది నేను, ఆ బాధ నీకేం తెలుసు?

స్టీరింగ్_పదిహేనేళ్లు:
బ్రేకులు పోతే ముందు చచ్చేది నేను, అది మీకు తెలుసా? మొద్దు ఇంజన్ కావాలని ఎందుకు అడుగుతున్నారో చెప్పనా? ఆయిల్ టైముకి మార్చకుండా, ఓవర్‌లోడ్ ఆపకుండా నడవాలని. అలాంటి ఇంజన్ ఏ కంపెనీ చేయలేదు.

కడప_ఓనర్:
టైముకి సర్వీస్ చేయిస్తే సీజన్‌లో బండి రెండు రోజులు ఆగుతుంది. ఆ రెండు రోజుల కిరాయి పోతే ఆ నెల కంతు కట్టలేను. ఇది తప్పించుకోడానికి చెప్పేది కాదు, నా లెక్క నిజంగా అంతే. బత్తా కోసింది మాత్రం తప్పు. నేనైతే ఎప్పుడూ కోయలేదు.

నర్సాపురం_రాజు:
అడిగినాయన ఉన్నాడా, పారిపోయాడా?

భీమవరం_బండి:
ఉన్నానండీ. నాదీ అప్పు బండే కాబట్టి ఇద్దరి మాటలూ నాకు తగిలాయి. నడిపేది మా బావమరిది, లారీ మీద ఆరేళ్లు చేశాడు. పిల్లల్ని సీట్లకి మించి ఎక్కించను, అది ముందే అనుకున్నాను. ట్రావెలర్ వైపే మనసు పోతోంది, కానీ 8 ఏళ్లు దాటింది కాబట్టి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. తేడా 4 లక్షల్లో లక్ష పక్కన పెట్టి క్లచ్ సెట్, పంపు కాలిబ్రేషన్, బ్రేకులు కొనగానే చేయిస్తాను. ఆదివారం చూడటానికి వెళ్తున్నాను.

ఆటోనగర్_మెకానిక్:
ఫోన్ చేయకుండా పొద్దున్నే ఆరింటికి వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం, ఇంకో రోజు వెళ్లండి. చల్లగా ఉంటే స్టార్ట్ చేయించి, ఆయిల్ మూత తీసి చూడండి. పొగ గుప్పుగుప్పున తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగినట్టు.

స్టీరింగ్_పదిహేనేళ్లు:
బావమరిదిని కూడా తీసుకెళ్లండి అన్నా. క్లచ్ ఎంత పైకి వచ్చాక పట్టుకుంటుందో ఆయన కాలికే తెలుస్తుంది.